దెబ్బలు తిన్న ఆ పదహారేళ్ల పిల్లాడిని నువ్వు ఇంకా తిడుతూనే ఉన్నావు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తర్వాత చదివేవాళ్ల కోసం ముందు నాలుగు ముక్కల్లో చెప్తాను. నువ్వు ఇంటర్ రెండేళ్లు విజయవాడ శివార్లలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివావు. వారాంతపు పరీక్షలో మార్కులు తగ్గినప్పుడల్లా వార్డెన్ కారిడార్‌లో నిలబెట్టి కొట్టేవాడు. ఒకరోజు మార్కుల షీటు చొక్కాకి పిన్నుతో గుచ్చి, భోజనాల టైములో మెస్ అంతా తిప్పాడు. ఇప్పుడు నీకు 27 ఏళ్లు, గుంటూరులో ఇంట్లో నుంచే ఉద్యోగం. మేనేజర్ "ఒక్క నిమిషం కాల్‌కి రా" అని మెసేజ్ పెడితే చేతులు చల్లబడిపోతాయి, నోరు పెగలదు. నాన్నేమో "ఆ దెబ్బలే నీకు ఉద్యోగం ఇచ్చాయి" అంటారు. ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళితే "క్షమించేసెయ్, తేలికపడతావు" అన్నారట, మళ్లీ వెళ్లలేదు. పదేళ్లయినా పోనిది ఇక పోతుందా, మిగతావాళ్లంతా బాగానే ఉంటే నేనే బలహీనుడినా, నన్ను నేను ఎలా ఒప్పుకోవాలి అని అడిగావు. చివర్లో గెట్ టుగెదర్ సంగతి. దానికి చివర్లోనే వస్తాను.

నేను విజయవాడలో క్లినికల్ సైకాలజిస్టుగా పందొమ్మిదేళ్లుగా పని చేస్తున్నాను. నా గదిలో అయితే పదేళ్ల పిల్లల్ని తప్ప అందరినీ మీరు అనే అంటాను. ఇక్కడ ఎందుకో నువ్వు అనే వచ్చింది, ఏమీ అనుకోకు.

నీ ప్రశ్నలో నాకు మొదట కనపడింది ఏంటంటే, దెబ్బల గురించి నువ్వు ఒక్కసారే రాశావు. మెస్‌లో తిప్పుతుంటే నువ్వు నవ్వావన్న సంగతి మాత్రం మూడుసార్లు రాశావు. "సిగ్గులేకుండా నవ్వాను", "కనీసం ఏడవను కూడా లేదు, నవ్వాను", "ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది". అంటే ఆ వార్డెన్ చేసినదానికంటే నువ్వు చేసినదే నీకు పెద్ద నేరంలా ఉంది. మన పని మొదలవ్వాల్సింది అక్కడే.

వానాకాలంలో గోడ పక్కన పాకే రోకలిబండని చిన్నప్పుడు పుల్లతో తాకే ఉంటావు. చటుక్కున చుట్ట చుట్టుకుపోతుంది. దాన్ని పిరికిది అని ఎవరూ అనరు, దాని ఒంట్లో ఉన్న రక్షణ అది. మనిషి ఒంట్లో కూడా ఇలాంటివి కొన్ని ఉన్నాయి: ఎదురు తిరగడం, పారిపోవడం, బిగుసుకుపోవడం, ఎదుటివాడిని ఎలాగోలా శాంతపరచడం. ఇందులో ఏది చేయాలో మనం కూర్చుని ఆలోచించి ఎంచుకోం. గేటుకి తాళం ఉంది, కాబట్టి పారిపోవడం లేదు. ఎదురుగా ఉన్నది పెద్దమనిషి, ఇంటికి ఫోన్ చేసి టీసీ ఇచ్చేస్తానంటాడు, కాబట్టి ఎదురు తిరగడం లేదు. మూడొందల మంది చూస్తున్న ఆ మెస్‌లో నీ ఒంటికి దొరికింది నవ్వు ఒక్కటే. ఏడిస్తే ఇంకా రెచ్చిపోతాడని నీ ఒంటికి తెలిసిపోయింది, నీకు చెప్పకుండానే నిర్ణయం తీసేసుకుంది. ఆ నవ్వు నిన్ను ఆ పూట బయటపడేసింది.

ఇప్పుడు మేనేజర్ మెసేజ్‌కి చేతులు చల్లబడటం కూడా అదే కాపలా. మెదడులో అమిగ్డాలా అని బాదంగింజంత భాగం ఉంటుంది, దాని పేరుకి అర్థం కూడా బాదమే. ప్రమాదాన్ని పసిగట్టడం దాని పనుల్లో ఒకటి. దానికి క్యాలెండర్ సరిగ్గా తెలియదు, ఒకసారి తనని కొట్టిన మనిషి వాసన గుర్తుపెట్టుకున్న కుక్కలాగా, ఆ వాసన కొంచెం తగిలినా మొరుగుతుంది. "ఒక్క నిమిషం రా" అనే మాట, అందరి ముందు మార్కులు చదివే గొంతు, ఇవే ఆ వాసన. అది మొరిగిన క్షణంలో మాటలు పేర్చుకునే భాగాలు కాస్త వెనక్కి తగ్గుతాయి. అందుకే నోరు పెగలదు. తెలివి తక్కువై కాదు.

ఇక బలహీనుడినా అన్న ప్రశ్న. ఈ మాట నువ్వు మొదట అడిగినవాడివి కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగుల మోత మధ్య నెలల తరబడి ఉండి, చేతులు వణికిపోయి, మాట పడిపోయి, లైను వదిలి వచ్చేసిన సైనికుల్ని చాలామంది పిరికిపందలే అనుకున్నారు. పారిపోవడం, పిరికితనం లాంటి నేరాల కింద బ్రిటిష్ సైన్యం కాల్చి చంపిన సొంత సైనికుల్లో 306 మందికి 2006లో, అంటే దాదాపు తొంభై ఏళ్ల తర్వాత, అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. వాళ్లలో కొందరు ఇలా యుద్ధం వల్ల మనసు దెబ్బతిన్నవాళ్లేనని ఒప్పుకోవడానికి అంత కాలం పట్టింది. ఇలా పెద్ద దెబ్బ తర్వాత మనసులో మిగిలిపోయే జబ్బుకి పీటీఎస్‌డీ అనే పేరు అమెరికా సైకియాట్రిస్టుల పుస్తకంలోకి ఎక్కిందే 1980లో, వియత్నాం నుంచి వచ్చినవాళ్లని చూశాక. తుపాకులు పట్టుకున్న మగాళ్ల విషయంలోనే లోకానికి ఇంత ఆలస్యంగా అర్థమైతే, మార్కుల షీటు గుచ్చుకుని తిరిగిన పిల్లాడి గురించి మీ నాన్నకి వెంటనే అర్థం కాలేదంటే నాకు ఆశ్చర్యం లేదు.

మిగతావాళ్లు బాగానే ఉన్నారంటావు. ఉండొచ్చు. ఉన్నట్టు కనపడుతూ ఉండొచ్చు కూడా, నీ గురించి నీ టీమ్ కూడా బాగానే ఉన్నాడనే అనుకుంటోంది కదా. కానీ నిజంగానే తేడా ఉంటే అది ఎక్కువగా గుండె ధైర్యంలో ఉండదు. జరిగిన తర్వాత పక్కన ఎవరున్నారు అన్నదాంట్లో ఉంటుంది. దెబ్బ తిన్న రాత్రి "వాడి మొహం, రా పడుకో" అని భుజం మీద చెయ్యి వేసినవాడు ఒక్కడుంటే చాలా మారిపోతుంది. నువ్వు రాసినదాన్ని బట్టి నీకు ఆదివారం మూడు నిమిషాల ఫోను, పక్కనే వార్డెన్ నిలబడి ఉండటం, "బాగానే ఉన్నాను నాన్నా" అనడం. అంతే. చెప్పుకోవడానికి చోటు లేని దెబ్బ లోపలికి పోతుంది. లోపలికి పోయినది ఎవరి మీదో ఒకరి మీద తిరగాలి కాబట్టి నీ మీదే తిరిగింది.

ఇక్కడ ఇంకో సంగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు డాబా మీద రెండు రాత్రులు గడిపిన ఒకావిడ, కొన్ని నెలల తర్వాత నా దగ్గరికి వచ్చింది (వివరాలు కొన్ని మార్చాను). నీళ్ల గురించి కాదు ఆవిడ బాధ. "కుట్టుమిషన్ కిందే వదిలేశాను, బుద్ధిలేనిదాన్ని" అని పదే పదే అదే మాట. తెల్లారేసరికి గుమ్మం దాటి నీళ్లొచ్చేస్తే మిషన్ ఎలా ఎక్కిస్తావమ్మా అని ఇంట్లోవాళ్లు ఎంత చెప్పినా వినలేదు. చాలా వారాల తర్వాత తనే అంది, "నా తప్పే అయితే ఈసారి జాగ్రత్తపడొచ్చు కదండీ, నా తప్పు కాకపోతే మళ్లీ ఎప్పుడొస్తుందో ఏమిటో" అని. నాకు ఏ క్లాసులోనూ ఎవరూ ఇంత చక్కగా చెప్పలేదు. మనల్ని మనం తిట్టుకోవడం వెనక చాలాసార్లు ఈ ఆశే ఉంటుంది. నిస్సహాయంగా ఉన్నాను అని ఒప్పుకోవడం కంటే తప్పు చేశాను అనుకోవడం తేలిక. నువ్వు నవ్వకుండా ఉండాల్సింది అనుకున్నంతసేపూ, నవ్వకపోతే ఏదో వేరేగా జరిగేదని నమ్ముతున్నట్టు. ఆ మెస్‌లో నువ్వు ఏం చేసినా జరిగేది అదే అని ఒప్పుకోవడానికి గుండె కోస్తుంది. ఆ కోతని ఒంటరిగా కాకుండా, ఎదురుగా ఒక మనిషి ఉండగా పడటం కోసమే థెరపీ.

దయ అనే మాట దగ్గరికి వస్తాను, మా వృత్తిలో అందరూ తెగ వాడేస్తున్న మాట. మన తెలుగులో జాలి వేరు, దయ వేరు. జాలి పైనుంచి కిందికి చూస్తుంది, "పాపం" అని పక్కకి వెళ్లిపోతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది "నా మీద నాకు జాలి వద్దండీ" అనేస్తారు, నిజమే, వద్దు. దయ అంటే పక్కన కూర్చోవడం. ఒళ్లు కాలిపోతున్న పిల్లాడి పక్కన అమ్మ రాత్రంతా తడిగుడ్డ వేస్తూ కూర్చుంటుంది చూడు, అందులో పాపం అనడం తక్కువ, పని ఎక్కువ.

ఇంగ్లండ్‌లో పాల్ గిల్బర్ట్ అని ఒక సైకాలజిస్టు ఉన్నారు, కంపాషన్ ఫోకస్డ్ థెరపీ, అంటే తన మీద తను దయ చూపడం నేర్పే చికిత్స, ఆయన మొదలుపెట్టిందే. ఆయన గమనించింది ఏమిటంటే, సిగ్గుతో కుంగిపోయినవాళ్లు థెరపీలో నేర్చుకున్న మంచి మాటల్ని కూడా లోపల కరుకు గొంతుతోనే చెప్పుకుంటున్నారు. లాజిక్ కరెక్టే, గొంతే తేడా. "నీ తప్పేం లేదు" అన్నదాన్ని వార్డెన్ గొంతుతో అనుకుని చూడు ఒకసారి. "నీ తప్పేం లేదు, ఇంకా ఏడుస్తావేం!" అన్నట్టు వినపడుతుంది. ఆయన లెక్కలో మన లోపల మూడు రకాల ఏర్పాట్లు పనిచేస్తుంటాయి: ప్రమాదం నుంచి కాపాడేది ఒకటి, సాధించమని పరిగెత్తించేది ఒకటి, కుదుటపరిచేది ఒకటి. మన కాలేజీలకి తెలిసినవి మొదటి రెండే, భయం, ర్యాంకు. పదహారు, పదిహేడేళ్ల వయసులో రెండేళ్లపాటు ఆ రెండిటి మీదే బతికిన మనిషికి మూడోది మోటారు వాడక తుప్పు పట్టినట్టు ఉంటుంది. లేకుండా పోదు. మెల్లగా తిప్పాలి.

తిప్పేటప్పుడు నొప్పి పుడుతుంది, ఇది ముందే చెప్తున్నాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే మానేస్తారు. తిమ్మిరెక్కిన కాలు కదపకుండా ఉంచితే ఏమీ తెలియదు, కదిపావా, రక్తం పారేసరికి సూదులు గుచ్చినట్టు అల్లాడిపోతాం. ఎవరైనా ప్రేమగా మాట్లాడితే కొందరికి కోపం వస్తుంది, కొందరికి అక్కడి నుంచి లేచి వెళ్లిపోవాలనిపిస్తుంది. ఇది మామూలే. థెరపీ పనిచేయట్లేదని కాదు.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. ప్రాక్టీస్ మొదలుపెట్టిన రెండో ఏడాది. ఒక అమ్మాయి వచ్చింది, చిన్నప్పుడు బంధువు వల్ల జరిగినది. మొదటి రోజే మొత్తం చెప్పించేశాను, కక్కేస్తే తేలిక పడుతుందని నా నమ్మకం అప్పుడు. గంటన్నర మాట్లాడింది, వణికిపోతూ వెళ్లింది, మళ్లీ రాలేదు. ఫోన్ ఎత్తలేదు. ఆ అమ్మాయి ఎలా ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. జరిగిన వెంటనే మనిషిని కూర్చోబెట్టి అంతా ఒక్కసారే చెప్పించడం వల్ల మేలు లేదని, కొందరికి కీడు కూడా జరగొచ్చని అప్పటికే తేలింది, బ్రిటన్ వైద్య మార్గదర్శకాల్లో అలా చేయొద్దనే రాసి ఉంది. నేను చదివాను కూడా. చదివినది చేతికి రావడానికి టైం పట్టింది, దాని ఖరీదు ఇంకెవరో కట్టారు.

అందుకని ఇప్పుడు నా గదిలో మొదటి రెండు మూడు వారాలు కథ అడగను. తలుపు వేయమంటారా, తీసి ఉంచమంటారా? ఈ కుర్చీనా, తలుపు కనపడే ఆ కుర్చీనా? ఆపాలనిపిస్తే ఎలా చెప్తారు, చెయ్యి ఎత్తుతారా? చిన్న విషయాల్లా ఉంటాయి. కానీ గేటుకి తాళం ఉన్న చోట రెండేళ్లు గడిపినవాడికి "వద్దు అంటే ఇక్కడ ఆగుతుంది" అని ఒంటికి తెలియడమే సగం వైద్యం. ఆ తర్వాత ఒంటిని కుదుటపరుచుకోవడం నేర్పిస్తాం. ఆ తర్వాతే జ్ఞాపకం దగ్గరికి, అదీ నువ్వు చెప్పినంత మేరకే. జుడిత్ హెర్మన్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు ఎప్పుడో ఈ వరస చెప్పారు: ముందు భద్రత, తర్వాత జ్ఞాపకం, దుఃఖం, ఆ తర్వాత మళ్లీ మనుషుల్లోకి. వరస ముందుకీ వెనక్కీ జరుగుతుంటుంది, అదీ మామూలే.

జ్ఞాపకం దగ్గర చేసే పనుల్లో ఒకటి ఇది. కళ్లు మూసుకుని ఆ మెస్‌లోకి ఇప్పటి 27 ఏళ్ల నువ్వు నడిచి వెళ్తావు. ఆ పిల్లాడిని ఏం చేస్తావు? మొదటిసారి దాదాపు ఎవరూ దగ్గరికి వెళ్లలేరు. కొందరు దూరం నుంచి చూస్తారు, కొందరు "వాడంటే నాకు అసహ్యం" అంటారు. తొందరపెట్టను. ఒకరోజు ఎవరో ఒకరు "ఆ పిన్ను తీసేస్తానండీ" లాంటి మాట అంటారు. అంతవరకు ఆగాలి. ఇది మీ ఇంట్లో ఒంటరిగా కూర్చుని చేయొద్దు, దయచేసి.

ఒంటరిగా చేయగలిగినవి వేరే ఉన్నాయి. మేనేజర్ మెసేజ్ వచ్చినప్పుడు వెంటనే జవాబివ్వకు, రెండు పాదాలూ నేలకి ఆనించు, చల్లని టైల్స్ తెలియాలి. ఊపిరి పీల్చిన దానికంటే వదలడం నెమ్మదిగా, నాలుగైదు సార్లు. "నాకు 27 ఏళ్లు, ఇది గుంటూరు, మా ఇల్లు, తలుపు నేనే తీసుకోగలను" అని పైకి అను. వింతగా ఉంటుంది, అయినా అను. "రెండు నిమిషాల్లో వస్తాను, విషయం ఏంటో చెప్తారా?" అని టైప్ చేయడం తప్పేమీ కాదు. రెండోది, రోజులో నిన్ను నువ్వు తిట్టుకున్న మాట ఒకటి పట్టుకో. "వెధవా, ఇది కూడా రాదా" అని వినపడితే, ఆ మాట ఎవరి గొంతులో ఉందో విను. చాలామందికి అది తమ గొంతు కాదని మొదటిసారి అప్పుడే తెలుస్తుంది. ఆ మాటని కొట్టేయాలని చూడకు, ఎవరిదో గుర్తుపట్టు చాలు. మీ అమ్మమ్మో, మేనత్తో, ఎవరైనా నిన్ను ముద్దుగా పిలిచిన పిలుపు ఒకటి ఉంటుందిగా, వీలైతే ఆ పిలుపుతో అదే విషయం మళ్లీ చెప్పుకో. మొదట నటనలా అనిపిస్తుంది. కానీ నీది కాని ఆ కరుకు గొంతు నీకు అలవాటైందే, ఇదీ అవుతుంది.

నన్ను నేను ఒప్పుకోవడం అంటే ఏంటి అన్నావు. ఇష్టపడటం కాదు. సరిపెట్టుకోవడం అంతకంటే కాదు, అది మనకి చిన్నప్పటి నుంచి బాగా వచ్చు, "పోనీలే, మన రాత" అనుకోవడం. ఒప్పుకోవడం అంటే జరిగినదాన్ని జరిగిందనీ, నువ్వు చేసినదాన్ని నువ్వే చేశావనీ కళ్లు తిప్పకుండా చూడగలగడం, చూసి కూడా ఆ పిల్లాడిని గెంటేయకపోవడం. కొన్ని రోజులు వస్తుంది, కొన్ని రోజులు రాదు. నాకూ అంతే.

క్షమించడం గురించి ఆ కౌన్సెలర్‌తో నేను ఏకీభవించను. ఎప్పుడైనా దానంతట అది వస్తే వస్తుంది, రాకపోయినా నువ్వు బాగుపడొచ్చు. కోపం ఇంకా నోరు విప్పకముందే క్షమించెయ్ అనడం, మళ్లీ నిన్ను మెస్‌లో నవ్వమన్నట్టే.

మీ నాన్న సంగతి. ఆయన ఫీజులకి ఏం అమ్మారో, ఎంత వడ్డీకి తెచ్చారో నువ్వు రాయలేదు, నేను ఊహించగలను. ఆ దెబ్బలు తప్పు అని ఒప్పుకుంటే "నేనే తీసుకెళ్లి దిగబెట్టాను" అన్న మాట ఆయన మోయాలి. మోయలేక అలా అంటున్నారేమో. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఆ చట్టం వర్తించేది 14 ఏళ్ల వరకే, కానీ పద్నాలుగేళ్లకి తప్పైనది పదహారేళ్లకి ఒప్పైపోదు కదా. ఇది ఆయనతో వాదించడానికి చెప్పట్లేదు. ఆయన ఒప్పుకునేదాకా నీ వైద్యం ఆపుకోవద్దని చెప్తున్నాను.

ఇక ఎవరి దగ్గరికి వెళ్లాలి. కౌన్సెలర్ అని బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు, క్లినికల్ సైకాలజిస్టుకి మాత్రం ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉండాలి, నంబరు అడుగు, అడిగితే నొచ్చుకునేవాళ్ల దగ్గరికి వెళ్లకు. ట్రామా, అంటే ఇలాంటి మానసిక గాయాల మీద పనిచేశారా, ఏ పద్ధతి, ట్రామా ఫోకస్డ్ సీబీటీనా (ఆ జ్ఞాపకం చుట్టూ ఉన్న ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చేది), ఈఎండీఆరా (జ్ఞాపకాన్ని తలుచుకుంటూ కళ్లు అటూ ఇటూ కదిపించేది) అని కూడా అడుగు. సీబీటీ పద్ధతి మామూలుగా 8 నుంచి 12 సెషన్లంటారు, నీలాగా ఏళ్ల తరబడి సాగినదానికి ఇంకా ఎక్కువ పట్టొచ్చు. గుంటూరు, విజయవాడ రెండుచోట్లా ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంది, డబ్బు ఇబ్బందైతే అక్కడ మొదలుపెట్టొచ్చు. నిద్ర అసలు పట్టకపోతే, పని పూర్తిగా ఆగిపోతే మందులు వాడటం ఓటమి కాదు, కానీ డాక్టర్ రాస్తేనే. మెడికల్ షాపులో తెలిసినవాడు ఇచ్చాడని నిద్రమాత్రలు మొదలుపెట్టొద్దు, అవి అలవాటైపోయి వచ్చినవాళ్లని చాలామందిని చూశాను. నీకు ఏ జబ్బు పేరు వర్తిస్తుందో నేను ఇక్కడ నుంచి చెప్పను, చెప్పకూడదు.

"ఎందుకు బతకడం అనిపిస్తుంది అప్పుడప్పుడు" అని ఒక లైన్‌లో రాసి వదిలేశావు. నేను వదలను. ఆ ఆలోచన గట్టిగా వచ్చిన రాత్రి 14416కి ఫోన్ చెయ్, టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వానిది, ఉచితం, ఇరవై నాలుగు గంటలూ, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో ఒక్కరికైనా ఈ సంగతి ఈ వారంలోనే చెప్పు. నాన్నకి కాకపోతే అక్కకి చెప్పు, అక్క ఉందని రాశావు.

ఇక జనవరిలో బ్యాచ్ గెట్ టుగెదర్. ఆ వార్డెన్‌ని పిలిచి శాలువా కప్పుతారట, తలా వెయ్యి రూపాయలు వేయమన్నారట, వెళ్లకపోతే పారిపోయినట్టు, వెళితే నవ్వాల్సి వస్తుందేమోనని భయం. వెళ్లడమూ వెళ్లకపోవడమూ రెండూ పరీక్షలు కావు, మార్కులు వేసేవాళ్లు ఎవరూ లేరు. స్నేహితుల్ని చూడాలని ఉంటే నీ బండి మీద నువ్వే వెళ్లు, ఎవరి కారులోనూ ఇరుక్కోకు. భోజనాల టైముకి వెళ్లి, ఒంటికి బాగోలేకపోతే పది నిమిషాల్లో వచ్చెయ్. థెరపీ అప్పటికి మొదలై ఉంటే ముందువారం ఆవిడతోనో ఆయనతోనో మాట్లాడి నిర్ణయించుకో. డబ్బుల గురించి గ్రూపులో ఏం పెట్టాలో తెలియట్లేదన్నావు. "భోజనాల ఖర్చుకి నా వాటా పంపిస్తున్నాను, సన్మానానికి నేను ఇవ్వను" అని పెట్టు. ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే ఫోన్ పక్కన పెట్టేసి టీ తాగు.